రోజలిన్ యాలో: రక్తంలోని హార్మోన్లకు లెక్క కట్టిన భౌతిక శాస్త్రవేత్త

రోజలిన్ సస్‌మన్ యాలో (1921–2011) అమెరికాకు చెందిన వైద్య భౌతిక శాస్త్రవేత్త. రక్తంలో అత్యల్ప మోతాదుల్లో తిరిగే హార్మోన్లను కొలిచే రేడియో ఇమ్యునో అస్సే (ఆర్ఐఏ) పద్ధతిని వైద్యుడు సాలమన్ బెర్సన్‌తో కలిసి రూపొందించారు. ఆ కృషికి 1977లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిలో సగభాగం ఆమెకు దక్కింది. ఆమె చదివింది అణు భౌతిక శాస్త్రం. వైద్య పట్టా లేదు. పరిశోధన దాదాపు అంతా న్యూయార్క్ నగరం బ్రాంక్స్‌లో మాజీ సైనికుల కోసం నడిచే ఒక ప్రభుత్వ ఆసుపత్రిలోనే సాగింది. అయినా హార్మోన్లు, జీవక్రియల గురించి ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో తెలిసివచ్చిన సంగతుల్లో పెద్ద భాగం ఆమె వేసిన దారిలోనే వచ్చింది.

యాలో పుట్టింది 1921 జూలై 19న. సరిగ్గా ఆ వేసవిలోనే కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే పరిశోధకులు కుక్కల క్లోమం నుంచి ఇన్సులిన్ తీసే ప్రయత్నంలో ఉన్నారు. మరుసటి ఏడాదికల్లా ఆ మందు మధుమేహ రోగుల ప్రాణాలు నిలిపింది. కానీ ఒక చిక్కు మాత్రం ఆ తరవాత ముప్పై ఏళ్లకు పైగా అలాగే ఉండిపోయింది. సీసాలో ఉన్న ఇన్సులిన్ బలం ఎంతో తెలుసుకోవచ్చు. కుందేలుకు ఎక్కించి దాని రక్తంలో చక్కెర ఎంత పడిపోయిందో చూస్తే సరిపోతుంది. మనిషి ఒంట్లో సహజంగా ఊరే ఇన్సులిన్ ఎంత అన్నది మాత్రం ఎవరూ నమ్మకంగా చెప్పలేకపోయారు. పరగడుపున ఒక మిల్లీలీటరు రక్తరసంలో అది అర నానోగ్రాము కూడా ఉండదు. నానోగ్రాము అంటే గ్రాములో నూరు కోట్లవ వంతు. అదే రక్తరసంలో ప్రొటీన్లు అంతకు కోటి రెట్లకు పైగా ఉంటాయి. ఎలుక ఉదరవితాన కండరాన్ని రక్తరసంలో నానబెట్టి అది ఎంత గ్లూకోజు పీల్చుకుందో చూసే పద్ధతులు వచ్చాయి గానీ, ఒక ప్రయోగశాల అంకెకూ మరో ప్రయోగశాల అంకెకూ పొంతన కుదిరేది కాదు.

రోజలిన్ తల్లిదండ్రులు సైమన్, క్లారా యూదు కుటుంబాలవారు. ఇద్దరూ హైస్కూలు చదువు పూర్తిచేయలేదు. ఇంట్లో పుస్తకాలు కొనే స్తోమత లేకపోయినా పిల్లల్ని గ్రంథాలయానికి పంపేవారు. కూతురు స్కూలు టీచరైతే చాలని వాళ్ల ఆశ. హైస్కూల్లో రసాయన శాస్త్రం మీద మోజుపడ్డ ఆమె, జీతం కట్టనక్కరలేని మహిళల కళాశాల హంటర్‌లో చేరాక భౌతిక శాస్త్రానికి మళ్లారు. అప్పుడే ఈవ్ క్యూరీ తన తల్లి మేరీ క్యూరీ గురించి రాసిన జీవిత చరిత్ర వెలువడింది. 1939 జనవరిలో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎన్రికో ఫెర్మీ కొత్తగా బయటపడిన అణు విచ్ఛిత్తి గురించి మాట్లాడాడు. కిక్కిరిసిన ఆ గదిలో పద్దెనిమిదేళ్లు నిండని రోజలిన్ కూడా ఉన్నారు.

1941 జనవరిలో పట్టా వచ్చింది. యూదు అమ్మాయికి భౌతిక శాస్త్రంలో పైచదువుకు సీటూ, ఉపకార వేతనమూ దొరకడం కలలోని మాట. దాంతో కొలంబియా వైద్య కళాశాలలో రుడాల్ఫ్ షోన్‌హైమర్ అనే జీవరసాయన శాస్త్రవేత్త దగ్గర పార్ట్‌టైమ్ టైపిస్టుగా కుదిరారు. షార్ట్‌హ్యాండ్ నేర్చుకోవాలన్నది షరతు. షోన్‌హైమర్ సామాన్యుడు కాడు. ఐసోటోపులను గుర్తులుగా వాడి, ఒంట్లోని కొవ్వులూ ప్రొటీన్లూ నిరంతరం విరుగుతూ మళ్లీ కూడుతూ ఉంటాయని చూపిన మనిషి. జీవక్రియ శాస్త్రాన్ని మలుపు తిప్పిన ఆ ప్రయోగశాలలోకి యాలో అడుగుపెట్టింది ఉత్తరాలు టైపు చేయడానికి. కొద్ది వారాలకే ఇలినాయ్ విశ్వవిద్యాలయం నుంచి భౌతిక శాస్త్రంలో టీచింగ్ అసిస్టెంట్‌షిప్ కబురు రావడంతో షార్ట్‌హ్యాండ్ పుస్తకాలు చించి పారేశారు.

ఆ అవకాశం రావడానికి యుద్ధం కూడా ఒక కారణం. మగవాళ్లు సైన్యంలోకి పోతుంటే విశ్వవిద్యాలయాల్లో ఖాళీలు పడ్డాయి. ఇలినాయ్‌లో సుమారు 400 మంది ఉన్న ఇంజినీరింగ్ కళాశాల బోధన బృందంలో ఆమె ఒక్కరే స్త్రీ. 1917 తరవాత వచ్చిన తొలి స్త్రీ కూడా. అన్నిటిలో ఏ గ్రేడు తెచ్చుకుని ఒక్క ల్యాబ్ కోర్సులో ఏ-మైనస్ వస్తే, ఆడవాళ్లు ప్రయోగాలకు పనికిరారనడానికి ఇదే రుజువని విభాగాధిపతి తేల్చాడట. పరిశోధనకు గురువు మారిస్ గోల్డ్‌హేబర్. ఆయన భార్య గెర్ట్రూడ్ కూడా పేరున్న భౌతిక శాస్త్రవేత్తే. దంపతులిద్దరికీ ఒకేచోట ఉద్యోగం ఇవ్వకూడదన్న నిబంధన వల్ల ఆమెకు అక్కడ పదవి లేదు. ఈ ఇద్దరి శిక్షణలో రేడియోధార్మిక పదార్థాలను కొలిచే పరికరాలను తయారుచేయడం, వాడడం యాలోకు చేతికి వచ్చేశాయి. సహాధ్యాయి ఆరన్ యాలోను 1943లో పెళ్లి చేసుకున్నారు. 1945లో డాక్టరేట్ అందుకున్నారు.

న్యూయార్క్ తిరిగి వచ్చాక ఓ టెలికమ్యూనికేషన్ల ప్రయోగశాలలో ఇంజినీరుగా, తరవాత హంటర్‌లో ఉపాధ్యాయురాలిగా పనిచేశారు. వైద్యంలో రేడియో ఐసోటోపుల వాడకం అప్పుడప్పుడే మొదలవుతోంది. ఆసుపత్రి భౌతిక శాస్త్రవేత్తగా ఉన్న భర్త ద్వారా ఈ రంగంలో పెద్దలు ఈడిత్ క్వింబీ, జోకినో ఫయ్యా పరిచయమయ్యారు. ఫయ్యా ఒక్క ఫోన్ చేశాడు; 1947 డిసెంబరులో బ్రాంక్స్ వెటరన్స్ ఆసుపత్రిలో పార్ట్‌టైమ్ కొలువు సిద్ధమైంది. ఇచ్చిన చోటు మాత్రం పారిశుధ్య సిబ్బంది చీపుర్లూ బకెట్లూ పెట్టుకునే గది. బజారులో దొరకని పరికరాలను తానే తయారుచేసుకుని ఆ గదినే ప్రయోగశాల చేశారు. 1950లో బోధన మానేసి పూర్తికాలం అక్కడే ఉండిపోయారు.

తనకు వైద్యం తెలియదన్న లోటు ఆమెకు స్పష్టంగా తెలుసు. అది తెలిసిన భాగస్వామి కావాలి. అదే ఏడాది జూలైలో ఆ ఆసుపత్రిలోనే రెసిడెన్సీ ముగించిన యువ వైద్యుడు సాలమన్ బెర్సన్ వచ్చి చేరాడు. చదరంగం, వయొలిన్, గణితం అన్నీ వచ్చిన మనిషి. మాటకారి, గొప్ప రచయిత. ఆమె అతనికి భౌతిక శాస్త్రం, అతను ఆమెకు శరీర ధర్మాలు నేర్పారు. ఒకరు మొదలుపెట్టిన వాక్యాన్ని మరొకరు పూర్తిచేసేవారని వాళ్లతో పనిచేసినవాళ్లు చెప్పేవారు. 22 ఏళ్లు సాగిన ఈ భాగస్వామ్యంలో ఏ ఆలోచన ఎవరిదో విడదీయడానికి తరవాత చాలామంది ప్రయత్నించారు. అది పెద్దగా ఫలించలేదు, ఫలించాల్సిన అవసరమూ లేదు.

మొదట రక్త పరిమాణాన్ని కొలవడం, థైరాయిడ్ గ్రంథి అయొడిన్‌ను ఎంత వేగంగా లాక్కుంటుందో లెక్కించడం వంటి పనులు చేశారు. ఒక పదార్థానికి రేడియోధార్మిక గుర్తు తగిలించి రక్తంలోకి పంపి, అది ఎక్కడికి ఎంత వేగంగా పోతుందో గమనించే నైపుణ్యం అలా అబ్బింది. ఆ తరవాత ఇన్సులిన్ వంతు వచ్చింది.

ఆ రోజుల్లో ఆర్థర్ మిర్‌స్కీ అనే పరిశోధకుడు ఒక వాదన ముందుకు తెచ్చాడు. పెద్దవాళ్లలో వచ్చే మధుమేహానికి ఇన్సులిన్ ఊరకపోవడం కారణం కాకపోవచ్చు, కాలేయంలోని ఓ ఎంజైమ్ దాన్ని మరీ వేగంగా నాశనం చేస్తుండవచ్చు అని. పరీక్షించడం సులువే అనిపించింది. అయొడిన్-131 తగిలించిన ఇన్సులిన్‌ను మధుమేహం ఉన్నవారికీ లేనివారికీ ఎక్కించి, రక్తంలోంచి ఎవరిలో తొందరగా మాయమవుతుందో చూడాలి. మిర్‌స్కీ మాట నిజమైతే రోగుల్లో తొందరగా పోవాలి. ఫలితం తలకిందులైంది. రోగుల్లోనే అది ఎక్కువసేపు నిలిచింది.

ఇక్కడ తొందరపడి ఉంటే కథ వేరేలా ఉండేది. వాళ్లు జబ్బును వదిలి, చికిత్స చరిత్ర చూశారు. అప్పట్లో మానసిక వ్యాధికి షాక్ చికిత్సగా కూడా ఇన్సులిన్ ఇచ్చేవారు. మధుమేహం లేకపోయినా అలాంటి చికిత్స పొందినవారిలోనూ ఇన్సులిన్ నెమ్మదిగానే పోయింది. కొత్తగా జబ్బు బయటపడి ఇంకా ఇంజెక్షన్ తీసుకోని మధుమేహుల్లో మాత్రం మామూలు వేగంతోనే పోయింది. అంటే తేడా తెచ్చింది మధుమేహం కాదు, ఇంజెక్షన్. అప్పటి ఇన్సులిన్ ఆవుల నుంచీ పందుల నుంచీ తీసేవారు. ఆవు ఇన్సులిన్‌కూ మనిషి ఇన్సులిన్‌కూ తేడా మూడే అమైనో ఆమ్లాలు. ఆ కొద్దిపాటి తేడాకే శరీరం దాన్ని పరాయిదిగా గుర్తించి యాంటీబాడీలు పుట్టిస్తోంది. వాటికి అతుక్కున్న ఇన్సులిన్ రక్తం వదిలి త్వరగా పోలేకపోతోంది.

ఇన్సులిన్ అంత చిన్న ప్రొటీను యాంటీబాడీలు పుట్టించలేదన్నది నాటి రోగనిరోధక శాస్త్రవేత్తల గట్టి నమ్మకం. 1955లో పంపిన పత్రాన్ని సైన్స్ పత్రిక తిప్పికొట్టింది. జర్నల్ ఆఫ్ క్లినికల్ ఇన్వెస్టిగేషన్ కూడా మొదట కాదంది. యాంటీబాడీ అనడానికి ఆధారాలు చాలవని అభ్యంతరం. చివరికి శీర్షికలోంచి ఆ మాట తీసేసి, ‘ఇన్సులిన్‌ను బంధించే గ్లోబ్యులిన్’ అని మార్చాకే 1956లో అచ్చయింది. యాలో ఈ రెండో పత్రిక పంపిన తిరస్కరణ లేఖను దాచిపెట్టి, 22 ఏళ్ల తరవాత తన నోబెల్ ఉపన్యాస పాఠంలో బొమ్మగా అచ్చువేయించారు. ఆవిడకు పాత లెక్కలు మరిచిపోయే అలవాటు లేదు.

ఆ పత్రంలోనే అసలు విత్తనం ఉంది. యాంటీబాడీకి ఎంత రేడియోధార్మిక ఇన్సులిన్ అతుక్కుంటుందన్నది, అక్కడ గుర్తులేని ఇన్సులిన్ ఎంత ఉందన్న దానిపై ఆధారపడుతుంది. ఆర్టీసీ బస్సులో ఉన్నవి నలభై సీట్లే అనుకుందాం. ఎర్ర చొక్కాలవాళ్లు నలభై మంది ఎక్కితే అందరికీ సీటు దొరుకుతుంది. వాళ్లతోపాటు మామూలు చొక్కాలవాళ్లూ ఎక్కితే, ఎంతమంది ఎక్కారో అంతకు తగ్గట్టు కొందరు ఎర్ర చొక్కాలవాళ్లు నిలబడాల్సి వస్తుంది. కూర్చున్న ఎర్ర చొక్కాలను లెక్కపెడితే చాలు, మామూలు చొక్కాలవాళ్లు ఎంతమందో చెప్పేయొచ్చు. యాంటీబాడీలే సీట్లు, రేడియోధార్మిక ఇన్సులిన్ ఎర్ర చొక్కా, రోగి రక్తంలోని సహజ ఇన్సులిన్ మామూలు చొక్కా. అతుక్కున్నదాన్నీ అతుక్కోనిదాన్నీ వేరుచేసి, రేడియోధార్మికతను లెక్కపెట్టే యంత్రం దగ్గర పెడితే అంకె వచ్చేస్తుంది. తెలిసిన మోతాదులతో ముందే గీసుకున్న రేఖతో పోల్చి అసలు విలువ చదువుకోవాలి.

చెప్పడానికి ఇంతే. చేయడానికి ఏళ్లు పట్టింది. మనిషి ఇన్సులిన్‌ను గట్టిగా పట్టుకునే యాంటీబాడీలు కావాలి. అవి గినీ పందుల్లో దొరికాయి. అణువు పాడవకుండా అయొడిన్ తగిలించాలి. రెండు రకాలనూ వేరుచేయడానికి ఒక ప్రత్యేక కాగితపు పద్ధతి కనిపెట్టారు: విడి ఇన్సులిన్ కాగితానికి మొదట్లోనే అంటుకుపోతుంది, యాంటీబాడీతో ఉన్నది ముందుకు సాగుతుంది. 1959లో నేచర్ పత్రికలో క్లుప్తంగా, 1960లో జర్నల్ ఆఫ్ క్లినికల్ ఇన్వెస్టిగేషన్‌లో వివరంగా ఈ కొలత లోకానికి తెలిసింది. ఇంకో విశేషం ఏమిటంటే, రోగి ఒంట్లోకి రేడియోధార్మిక పదార్థం చుక్క కూడా పోదు. పని అంతా పరీక్ష నాళికలోనే.

మొదటి ఫలితమే కలకలం రేపింది. మధుమేహం అంటే ఇన్సులిన్ కరువు అన్నది జనసామాన్యపు అవగాహన. పెద్దవయసులో వచ్చే రకంలో గ్లూకోజు తాగించి కొలిచి చూస్తే, చాలామంది రక్తంలో ఇన్సులిన్ మామూలువారి కంటే ఎక్కువే ఉంది. కాకపోతే ఆలస్యంగా పెరుగుతోంది, పెరిగినా చక్కెరను అదుపు చేయలేకపోతోంది. మధుమేహుల్లో ఇన్సులిన్‌కు స్పందించేవారు, స్పందించనివారు అని రెండు తెగలున్నాయని బ్రిటన్ వైద్యుడు హెరాల్డ్ హిమ్స్‌వర్త్ 1936లోనే అన్నాడు. ఇప్పుడు దానికి అంకెల సాక్ష్యం దొరికింది. తరవాతి పరిశోధకులు ఈ చిత్రాన్ని సవరించారు కూడా. లావుగా ఉన్నవారిలో జబ్బు లేకున్నా ఇన్సులిన్ ఎక్కువే ఉంటుంది. సమాన బరువు ఉన్న ఆరోగ్యవంతులతో పోలిస్తే రోగుల క్లోమం వెనకబడే ఉందని తేలింది. ఆ సవరణ చేయడానికి వాళ్లు వాడిన సాధనం కూడా ఆర్ఐఏనే. ఇవాళ టైప్-2 మధుమేహం గురించి తెలుగు పత్రికల ఆరోగ్య శీర్షికల్లో కూడా కనిపించే ‘ఇన్సులిన్ నిరోధకత’ అన్న భావన నిలబడింది ఈ కొలతల మీదే.

ఇన్సులిన్ తరవాత ఒక్కో హార్మోనూ వరసకట్టింది. 1963లో సేమర్ గ్లిక్, జెస్సీ రోత్ అనే యువ వైద్యులతో కలిసి ఎదుగుదల హార్మోనును కొలిచారు. రక్తంలో చక్కెర పడిపోగానే పీయూష గ్రంథి ఈ హార్మోనును గుమ్మరిస్తుందని బయటపడింది. పిల్లలు పొడవు పెరగడానికి మాత్రమే అనుకున్న హార్మోనుకు పెద్దవాళ్ల జీవక్రియలోనూ పాత్ర ఉందన్నమాట. చికిత్సకు వాడే ఆ హార్మోనును అప్పట్లో చనిపోయినవారి పీయూష గ్రంథుల నుంచి తీసేవారు కాబట్టి అది ఎప్పుడూ కొరతే. నిజంగా అవసరమున్న పిల్లలెవరో గుర్తించడానికి ఈ పరీక్ష పనికొచ్చింది. అదే ఏడాది ఎముకల కాల్షియాన్ని నడిపే పారాథైరాయిడ్ హార్మోను, తరవాత అడ్రినల్ గ్రంథిని ఉసిగొల్పే ఏసీటీహెచ్, కడుపులో ఆమ్లం ఊరించే గ్యాస్ట్రిన్ లెక్కకు వచ్చాయి. ఈ పనిలో అనుకోని సంగతి మరొకటి తేలింది. ఒక హార్మోను రక్తంలో ఒకే రూపంలో ఉండదు. పెద్దవీ చిన్నవీ ముక్కలూ కలిసి తిరుగుతాయి.

ఈ పద్ధతికి యాలో, బెర్సన్ పేటెంటు తీసుకోలేదు. తరవాత కంపెనీలు కిట్లు అమ్మి బాగా సంపాదించాయి. వీళ్లు మాత్రం ప్రయోగశాలకు వచ్చినవారందరికీ పద్ధతి నేర్పి పంపారు. నేర్చుకున్న జెస్సీ రోత్ అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకు వెళ్లి, కణాల మీద ఇన్సులిన్ అతుక్కునే గ్రాహకాల అధ్యయనానికి బాటవేశాడు. అదే సంస్థలో 1972లో జూడిత్ వైటుకైటిస్, సహచరులు గర్భధారణ హార్మోను హెచ్‌సీజీని విడిగా పట్టే పరీక్ష తయారుచేశారు. మందుల దుకాణంలో దొరికే గర్భనిర్ధారణ పట్టీ ఆ వంశానిదే. హార్మోన్లతో ఆగలేదు. రక్తమార్పిడి ద్వారా వ్యాపించే హెపటైటిస్-బి వైరస్‌ను గుర్తించడానికి 1970లో యాలో బృందం ఈ పద్ధతినే వాడింది.

1968లో బెర్సన్ మౌంట్ సినాయ్ వైద్య కళాశాలలో విభాగాధిపతిగా వెళ్లాడు. పరిశోధన మాత్రం యాలోతోనే సాగించాడు. 1972 ఏప్రిల్‌లో అట్లాంటిక్ సిటీలో ఒక సదస్సుకు వెళ్లి అక్కడే గుండెపోటుతో మరణించాడు. 54 నిండలేదు. దెబ్బ రెండు విధాల తగిలింది. సభల్లో మాట్లాడిందీ పత్రాలు రాసిందీ ఎక్కువగా బెర్సనే కావడంతో, మేధ అతనిది, చేతిపని ఆమెది అని గుసగుసలాడినవాళ్లు ఉన్నారు. చనిపోయినవారికి నోబెల్ ఇవ్వరు గనక ఇక ఈ పనికి ఆ బహుమతి రాదనుకున్నారు. తన పత్రాలన్నిటి మీద అతని పేరు ఉండాలని యాలో ప్రయోగశాలకు సాలమన్ బెర్సన్ పేరు పెట్టించారు. కొత్త సహచరులతో పని ఆపకుండా నడిపించారు. మెదడులోనూ పేగుల్లోనూ ఉండే కొలెసిస్టోకైనిన్ హార్మోను మీద పత్రాలు ఆ దశలోవే. 1976లో లాస్కర్ బహుమతి, మరుసటి ఏడాది నోబెల్ వచ్చాయి. మిగతా సగభాగం పంచుకున్న రోజర్ గియమన్, ఆండ్రూ షాలీ మెదడులోని హైపోథాలమస్ హార్మోన్లను వెలికితీసినవారు. వాళ్ల పనికీ ఆర్ఐఏ ఒక ఆసరా. వైద్యశాస్త్ర నోబెల్ పొందిన స్త్రీలలో యాలో రెండోవారు. మొదటివారు 1947లో అందుకున్న గెర్టీ కోరి. శరీరంలో చక్కెర ఎలా నిల్వ అవుతుందో, ఎలా ఖర్చవుతుందో తేల్చినవారు ఆమె.

మనిషిగా యాలో మెత్తనివారు కాదు. గర్భిణులు ఐదో నెలలో ఉద్యోగం మానేయాలన్న నాటి ఆసుపత్రి నిబంధనను పట్టించుకోలేదు. ఇద్దరు పిల్లల్ని పెంచుతూ, ప్రయోగశాలకు మైలు దూరంలోని ఇంట్లో యూదు ఆచారం ప్రకారం వంట నడుపుతూ, రాత్రులు మళ్లీ పనికి వెళ్లేవారు. ఒక మహిళల పత్రిక ఇవ్వజూపిన ప్రత్యేక అవార్డును కాదన్నారు. ఆడవాళ్లకంటూ వేరే బహుమతులు పెడితే వాళ్లు తక్కువవాళ్లని ఒప్పుకున్నట్టేనని ఆమె వాదన. అలాగని స్త్రీల సమస్యను దాటవేయలేదు. స్టాక్‌హోమ్ విందులో విద్యార్థులతో మాట్లాడుతూ, సగం జనాభా ప్రతిభను ప్రపంచం పోగొట్టుకోలేదని గట్టిగా చెప్పారు. తక్కువ మోతాదు రేడియోధార్మికత గురించిన భయం అతిగా ఉందని చివరి దశాబ్దాల్లో ఊరూరా ఉపన్యాసాలిచ్చారు. ఆ వాదనతో అందరూ ఏకీభవించలేదు.

1988లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకం అందుకుని, 1991లో ఉద్యోగ విరమణ చేశారు. 2011 మే 30న, పుట్టిన బ్రాంక్స్‌లోనే కన్నుమూశారు. అప్పటికే ఆర్ఐఏ చాలా చోట్ల తెరమరుగైంది. 1971లో స్వీడన్‌లో వచ్చిన ఎలీసా పరీక్ష, తరవాతి కెమిలుమినిసెన్స్ యంత్రాలు రేడియోధార్మిక గుర్తు స్థానంలో రంగునూ కాంతినీ పెట్టాయి. యాంటీబాడీతో పట్టి కొలవడమన్న మూలసూత్రం మారలేదు. మన దేశంలో ముంబయికి చెందిన అణుశక్తి విభాగం సంస్థలు థైరాయిడ్ హార్మోన్ల ఆర్ఐఏ కిట్లను సొంతంగా తయారుచేసి ఆసుపత్రులకు అందించాయి.

ఈ కొలత వల్ల అన్నిటికంటే ఎక్కువ మేలు పొందినవారు బహుశా అప్పుడే పుట్టిన శిశువులు. థైరాయిడ్ లోపంతో పుట్టిన బిడ్డ చూడడానికి మామూలుగానే ఉంటుంది. తొలి వారాల్లో మందు మొదలుపెట్టకపోతే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. సమయానికి ఇస్తే బిడ్డ అందరిలాగే పెరుగుతుంది. 1970ల్లో కెనడాలోని క్విబెక్‌లో జాన్ డుసో శిశువు మడమ నుంచి తీసి ఎండబెట్టిన రక్తపు చుక్కతో ఆర్ఐఏ ద్వారా ఈ లోపాన్ని పట్టే కార్యక్రమం మొదలుపెట్టాడు. ఇప్పుడు అనేక దేశాల్లో పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష చేస్తున్నారు. మన దగ్గర అన్ని ఆసుపత్రుల్లోనూ ఇది తప్పనిసరిగా జరగడం లేదు గనక, బిడ్డ పుట్టిన కొద్ది రోజుల్లోనే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష చేయించారా అని తల్లిదండ్రులు వైద్యుణ్ని అడిగి తెలుసుకోవాలి.